అరగంట కలిపాను

మార్చి 4, మంగళవారం

వాష్ బఫర్, అదే ప్లేట్లు కడిగే నీళ్లు, ఇరవై లీటర్లు తయారుచేశాను. ట్వీన్ పది మిల్లీలీటర్లు వేశాను. అరగంట కలిపాను. బాటిళ్లలోకి పట్టి తేదీ వేశాను. మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, ఒక నిమిషం మాట్లాడాను. సాయంత్రం మామూలుగానే ఇంటికి వచ్చాను.

మార్చి 5, బుధవారం

పొద్దున ఆరింటి బస్సుకు మా ఆవిడ వెళ్లింది. "మీరు రారా?" అని నాలుగుసార్లు అడిగింది. సెలవు దొరకదన్నాను.

"అడిగారా?"

"అడిగితే ఇచ్చేవాళ్లయితే అడిగేవాణ్ణే."

ఈ మాటకు అర్థమేమిటో నాకే తెలియదు. ఆవిడా తరచి అడగలేదు. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "సొంత తమ్ముడండీ" అంది.

తెలుసు. నాకంటే మూడేళ్లు చిన్న. నిన్న పొద్దున స్నానం చేసి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలబడ్డాడట. డాక్టరు వచ్చేసరికే అయిపోయిందట. ఫోన్‌లో మా ఆవిడ చెప్పింది అంతే, నేను విన్నదీ అంతే.

ఏమీ అనిపించడం లేదు. అనిపించాలి కదా అని కాసేపు కుర్చీలో కూచుని చూశాను. ఈలోగా పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడిచి ల్యాబ్‌కు వెళ్లాను.

మార్చి 6, గురువారం

ఈ డైరీ రసాయనాలు సప్లై చేసేవాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. రెండు నెలలు బీరువా మీద పడి ఉంది. నిన్న తీసి, మొన్నటిది కూడా నిన్ననే రాశాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి రాస్తున్నాను, అంతకుమించి కారణం లేదు.

తమ్ముడితో మాట్లాడి తొమ్మిదేళ్లయింది. వాడు కొత్త ఇల్లు కట్టుకుని అందరినీ భోజనానికి పిలిచాడు. పాతికమంది వరుసగా కూచుని తింటున్నాం. ఎవరో నన్ను చూపించి, ఈయన ఏం చేస్తారు అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వాడు గరిటె పట్టుకుని, "మా అన్నయ్య పెద్ద సైంటిస్టండీ. పదిహేనేళ్లుగా సబ్బునీళ్లు కలుపుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేను తింటున్న పళ్లెం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ తర్వాత వాడు మూడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తర్వాత వాడూ మానేశాడు.

ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తాను.

సబ్బు కాదురా అది, ట్వీన్. సబ్బుకు చార్జ్ ఉంటుంది. ప్రోటీన్‌కు తగులుకుందంటే దాని ఆకారమే చెడగొడుతుంది. ట్వీన్‌కు ఏ చార్జూ లేదు. ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు. మెతక మనిషి. గట్టిగా పట్టుకున్నవాటి జోలికి పోదు, ఊరికే అంటుకుని వేలాడుతున్నవాటిని మాత్రం మెల్లగా వదిలిస్తుంది. పశువుల రక్తం పరీక్షించే మా ప్లేటులో తొంభై ఆరు గుంటలుంటాయి. ఒక్కో గుంట అడుగున జబ్బు క్రిమి తునక అంటించి ఉంటుంది. ఆవు రక్తంలో ఆ జబ్బును ఎదిరించే పదార్థం పుట్టి ఉంటే, అది వచ్చి ఆ తునకను పట్టుకుంటుంది. దాంతోపాటు రక్తంలోని మిగతా చెత్తంతా గోడలకు అంటుకుంటుంది. అప్పుడు మూడుసార్లు కడుగుతాం. ట్వీన్ ఉన్న నీళ్లతో కడిగితే చెత్త పోతుంది, అసలుది మిగులుతుంది. ట్వీన్ లేని నీళ్లతో కడిగితే చెత్త కూడా అక్కడే ఉంటుంది. చివర్లో జబ్బు ఉన్నట్టు రంగు వచ్చేస్తుంది. నిక్షేపంలాంటి ఆవుకు జబ్బుందని రాసిచ్చేస్తాం. అర్థమైందా?

ఇరవై లీటర్లకు రెండు చెంచాలు. అంతే కదా అంటావు. ఆ రెండు చెంచాలు వేయడం చూద్దువుగాని రా. తేనెలా ఉంటుంది. పిపెట్ మొన కత్తిరిస్తే తప్ప పైకి రాదు. మెల్లగా పీల్చాలి, ఆగాలి, మెల్లగా వదలాలి, గోడకు అంటుకున్నది జారేదాకా మళ్లీ ఆగాలి. తొందరపడితే పది అనుకున్నది ఎనిమిదే పడుతుంది. పడ్డది వెంటనే కరుగుతుందా అంటే కరగదు. ముద్దలా అడుక్కి పోయి కూచుంటుంది. అందుకే డబ్బాలో, లోపల అయస్కాంతమున్న వేలెడంత తెల్ల గుండు వేసి, కింద ఇంకో అయస్కాంతం తిప్పి, అరగంట కలపాలి. జోరుగా తిప్పావా, డబ్బా నిండా నురుగు. పోనీ వేడిచేసి కరిగిద్దామంటే దీని తిక్క వేరు. అన్నీ వేడికి కరుగుతాయి, ఇది వేడెక్కితే విడిపోయి తెల్లగా మబ్బు పడుతుంది. చల్లారితే మళ్లీ తేటపడుతుంది. సీసా వెలుతుర్లో పెడితే పాడు, మూత తీసి మరిచిపోతే పాడు.

ఇన్ని తెలిసినవాణ్ణి పట్టుకుని పాతికమందిలో సబ్బునీళ్లంటావా?

చెయ్యి నొప్పిపుట్టింది. తొమ్మిదేళ్ల తర్వాత ఇచ్చిన జవాబు, వినేవాడు లేడు.

మార్చి 7, శుక్రవారం

కొండ దిగువన పాడి నడిపే ఒకావిడ ఆవులు, పద్నాలుగు. వాటి రక్తం ఎండలో నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. కొన్ని ట్యూబుల్లో రక్తం విరిగి పైన తేరిన తేట కూడా ఎర్రగా అయిపోయింది. అయినా చేశాం. పద్నాలుగింట్లో తొమ్మిదింటికి జబ్బు ఉన్నట్టు వచ్చింది. కడుపులో దూడ నిలవకుండా చేసే జబ్బు, మనుషులకూ అంటుకుంటుంది.

జబ్బు లేదని ముందే తెలిసిన శుభ్రమైన రక్తం ఒకటి ప్రతి ప్లేటులో పెడతాం. దానికి రంగు రాకూడదు. కాస్త వచ్చింది. హద్దుకు దగ్గరగా ఉంది, అయినా హద్దులోపలే. సరే అని నేనే టిక్ పెట్టాను.

మార్చి 8, శనివారం

రెండోసారి చేశాం. అదే బఫర్, అదే తొమ్మిది. మా ల్యాబ్ చూసుకునే మేడమ్ సంతకం పెట్టారు. ఇంటికొచ్చి అన్నం వండాను. ఇద్దరికి సరిపడా వండేశాను.

మార్చి 9, ఆదివారం

బట్టలు ఉతికాను. ఆరాయి.

మార్చి 10, సోమవారం

మా ల్యాబ్‌లో గాజు సామాన్లు, డబ్బాలు కడిగే ఆవిడను అందరం పిన్ని అంటాం. మేడమ్ కూడా పిన్ని అనే అంటారు. అరవై దాటాయి, చేతులెప్పుడూ నీళ్లలో నాని ముడతలు పడి ఉంటాయి. పొద్దున ఇరవై లీటర్ల డబ్బాను ఒళ్లో పసిపిల్లలా ఎత్తుకుని వచ్చింది.

"బాబూ, ఏం డబ్బా ఇది? ఎన్నిసార్లు నీళ్లు పోసినా నురుగు మీద నురుగు. దీని కుళాయికి దిగువన, అడుగంతా జిగురు."

"సబ్బు ఎక్కువ వేసి ఉంటావు పిన్నీ."

"నేను సబ్బు వేస్తే కదా! దీనికి ఉత్త నీళ్లే అని నువ్వే కదా చెప్పావు?"

వెనకనుంచి మేడమ్ వచ్చారు. డబ్బా చూశారు, నురుగు చూశారు. "డబ్బాల్లో సబ్బు మిగిలితే పరీక్షలన్నీ గంగపాలు. ఎన్నేళ్లు చెప్పాలి పిన్నీ? ఇంకోసారి ఇలా జరిగితే పైవాళ్లకు రాసి ఇవ్వాల్సి వస్తుంది" అన్నారు.

పిన్ని నా వైపు చూసింది. నేను బాటిళ్లకు లేబుళ్లు అంటిస్తున్నాను. లేబుల్ వంకరగా వచ్చింది, పీకి మళ్లీ అంటించాను.

అరగంట కలిపాను. ల్యాబ్ పుస్తకంలో ఉంది. 11.00 నుంచి 11.30. నా చేతిరాతే. గుండు తిరుగుతున్న టకటక చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

మార్చి 11, మంగళవారం

ఫోన్ నేనే ఎత్తాను. పాడి నడిపే ఆవిడ.

"అయ్యా, రక్తం చూసేది మీరేనా?"

"ల్యాబ్ అమ్మా ఇది."

"నా ఆవులు బంగారంలా ఉన్నాయయ్యా. ఒక్కటంటే ఒక్కటి కడుపు పోగొట్టుకోలేదు. ఒంటికొమ్ముది మొన్ననే ఈనింది, దూడ గంతులేస్తోంది. దానికి జబ్బేమిటి?"

"రెండుసార్లు చేశామమ్మా."

"మూడోసారి చెయ్యండి."

"రూలు ప్రకారం రెండుసార్లే."

"రూలు మీరు పెట్టారా?"

"కాదమ్మా."

"మరి అక్కడ మీరు చేసే పనేమిటి?"

సబ్బునీళ్లు కలుపుతాను అనే మాట పెదాల దాకా వచ్చింది. "కడుగుతానమ్మా" అన్నాను. అవతల ఎక్కడో ఆవు అరిచింది. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి పశువైద్యులు వెళ్తారు. ఆ తొమ్మిది ఆవులకూ చంపే సూది వేసి, గొయ్యి తీసి పూడ్చేస్తారు. కాగితం వెళ్లిపోయింది.

అరగంట కలిపాను.

మార్చి 12, బుధవారం

మా ఆవిడ ఫోన్ చేసింది. తోడికోడలి దగ్గరే ఇంకొన్నాళ్లు ఉంటానంది. "ఆమె ఏడవడం లేదండీ. అన్నం పెడితే తింటుంది, తీసేస్తే ఊరుకుంటుంది. అచ్చం మీలాగే." నేను ఏడవడం లేదని ఈవిడకెవరు చెప్పారు?

"ఎప్పుడొస్తారు?" అంది.

"శుక్రవారం పనుంది" అన్నాను. శుక్రవారం నాకు ఏ పనీ లేదు.

నాలుగో తేదీన పట్టిన బాటిళ్లలో ఇంకా రెండు మిగిలాయి. అరలో ఉన్నాయి. తెలుసుకోవడం చాలా తేలిక. బాటిల్ గట్టిగా ఊపితే చాలు. ట్వీన్ ఉంటే పైన నురుగు నిలుస్తుంది. లేకపోతే నాలుగు బుడగలు వచ్చి చచ్చిపోతాయి. మా చిన్నప్పుడు తమ్ముడూ నేనూ బిందెలో సబ్బు వేసి ఊపేవాళ్లం, అలాంటిదే.

ఊపలేదు. ఊపాల్సిన అవసరం లేదు, ఎందుకంటే అరగంట కలిపాను.

మార్చి 13, గురువారం

సోమవారం నుంచి పిన్ని నాతో మాట్లాడడం లేదు. ట్రే తెచ్చి బల్ల మీద పెడుతుంది, మొహం తిప్పుకుని పోతుంది. ఈరోజు మధ్యాహ్నం మాత్రం ట్రే పెట్టి కదలకుండా నిలబడింది.

"చూడు బాబూ, నేను కడిగితే కడిగినట్టే ఉంటుంది. ఇదిగో ఈ గుండు. కిందటి వారం మంగళవారం, నువ్వు పెద్ద డబ్బా నింపిన రోజున, పొద్దున్నే కడిగి ఆరబెట్టాను. సాయంత్రం దాకా నువ్వు తీసుకుపోనే లేదు, నా ట్రేలోనే ఉంది. దీని మీద మరక ఉందా చెప్పు. ముప్పై ఏళ్ల నుంచి కడుగుతున్నాను. నాకు సబ్బు వదిలించడం రాదంటారా?"

తన నిజాయితీ నిరూపించుకోవడానికి వచ్చింది పాపం. తాను చెప్పింది ఇంకొకటని ఆమెకు తెలియదు.

పెద్ద గుండు మా దగ్గర ఒక్కటే ఉంది.

ఆమె వెళ్లాక అరలోంచి ఆ బాటిల్ తీశాను. పక్కన ఫిబ్రవరి నాటిది ఒకటి పెట్టుకున్నాను. ముందు ఫిబ్రవరిది ఊపాను. వేలెడు నురుగు నిలిచింది. తర్వాత నాది ఊపాను. నాలుగు బుడగలు. అవీ పోయాయి. నీళ్లు కదలకుండా నా మొహంలోకి చూస్తున్నట్టు నిలబడ్డాయి. ఇంకోసారి ఊపాను. చెయ్యి లాగేదాకా ఊపాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. ట్వీన్ వేశాను. పిపెట్ పక్కన పెట్టి గుండు కోసం పిన్ని దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఫోన్ మోగింది. మాట్లాడాను. తర్వాత కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద ఆవరణలో డ్రైవరు వ్యాను కడుగుతున్నాడు. ముందు చక్రాలు, తర్వాత అద్దాలు, తర్వాత పైకప్పు. మొత్తం కడిగి, గుడ్డతో తుడిచి, గుడ్డ పిండి తాడు మీద ఆరేసేదాకా చూశాను. వెనక్కి తిరిగి గడియారం చూస్తే పదకొండున్నర దాటింది. కుళాయి తిప్పి బాటిళ్లు పట్టాను. పుస్తకంలో రాశాను. ఆ టకటక చప్పుడు కిటికీ రెక్కది. గాలికి కొట్టుకుంటోంది.

ట్వీన్ ముద్ద కుళాయికి దిగువన అడుగునే ఉండిపోయింది. పిన్ని చేతికి తగిలింది అదే.

అదే రోజు, సాయంత్రం

మేడమ్ ఐదింటికే వెళ్లిపోయారు. నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేతిలో పట్టుకుని వంటింట్లో కూచున్నాను. చెప్పాల్సింది ఒక్క ముక్క, కలపలేదు అని. చెబితే, అరగంట ఏం చేశావు అంటారు. దానికీ జవాబు చెప్పాలి. ఆ జవాబు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

రేపు ఎనిమిదికి మేడమ్ వస్తారు. వాళ్లు సూదులు వేసేది తొమ్మిదికి. గంట టైముంది. ఎదురుగా నిలబడి చెబితేనే మర్యాద. రేపు చెబుతాను.

మార్చి 14, శుక్రవారం

ఏడున్నరకే వెళ్లి మేడమ్ గది ముందు నిలబడ్డాను. ఏడాది పొడుగునా ఎనిమిదికి ఠంచనుగా వచ్చే మనిషి ఈరోజు ఎనిమిదీ నలభైకి వచ్చారు. కూతురిని స్కూల్లో దింపి వచ్చారట. ఈలోపు ఫోన్ చేయొచ్చు. నిన్నా చేయొచ్చు. చేయలేదు.

"మేడమ్, నాలుగో తేదీ బఫర్‌లో ట్వీన్ కలవలేదు. ఆ తొమ్మిది ఆవుల ఫలితం నమ్మడానికి లేదు."

ఆమె బ్యాగు కూడా దించలేదు. "అరగంట కలిపానని మీరే రాశారు కదా?"

"కలపలేదు. రాశాను."

"డబ్బాలో నురుగు?"

"ట్వీన్. పిన్ని తప్పేమీ లేదు."

ఆమె అప్పటికే నంబరు నొక్కుతున్నారు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎవరో ఎత్తారు. "ఆపండి, ఆపండి, ముందు ఆపండి" అన్నారు. తర్వాత వింటూ ఉండిపోయారు. తర్వాత "ఎన్ని?" అన్నారు.

ఎండ ఎక్కకముందే పని ముగిద్దామని వాళ్లు ఎనిమిదిన్నరకే మొదలుపెట్టారట. ఒకటి అయిపోయింది. గేటుకు దగ్గరగా కట్టేసి ఉన్నది, ఒంటికొమ్ముది.

మేడమ్ ఫోన్ బల్ల మీద పెట్టారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇరవై నాలుగేళ్ల సర్వీసు. మీ చేతి బఫర్ అంటే నేను మళ్లీ చూసుకునేదాన్ని కాదు. ఆ అరగంట ఎక్కడున్నారు?"

"కిటికీ దగ్గర."

"అరగంటా? ఏం చేస్తూ?"

"మా తమ్ముడు పోయాడు మేడమ్."

అనేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, పక్క గదిలోంచి ఎవరో మాట్లాడినట్టు.

"ఎప్పుడు?"

"అప్పుడే. ఫోన్‌లో చెప్పారు. పదకొండూ పదికి."

"పది రోజులైంది. రోజూ వచ్చి పనిచేశారు. ఒక్కరికైనా చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు?"

ఎందుకో తెలిస్తే చెప్పేవాణ్ణే. ఆమె కుర్చీలో కూచుని చాలాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత పుస్తకం తెప్పించారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రాసింది తప్పయితే రబ్బరుతో తుడపకూడదు, పైన కొట్టి నలుపు చేయకూడదు. చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. '11.00 నుంచి 11.30 కలిపాను' మీద గీత గీశాను. పక్కన 'కలపలేదు' అని రాసి సంతకం పెట్టాను. కింద ఉన్నది ఇంకా చదవొచ్చు. ఎప్పటికీ చదవొచ్చు.

ఆ బఫర్‌తో కడిగిన ప్లేట్లన్నీ రద్దు. విచారణ అయ్యేదాకా నేను ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదు.

వెళ్లేముందు పిన్ని దగ్గరికి వెళ్లాను. సింకు ముందు ఉంది.

"డబ్బాలో నురుగు నా వల్లే పిన్నీ. నిన్ను తిట్టించాను."

"నేను వేయని సబ్బు నాకు తెలీదా బాబూ?" అంది, వెనక్కి తిరక్కుండానే. తర్వాత కుళాయి కట్టేసింది. ఆ పాటికే ఎవరో చెప్పేసినట్టున్నారు. "మీ తమ్ముడికి ఎన్నేళ్లు?"

"నలభై తొమ్మిది."

తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. చల్లగా తగిలింది. పది రోజుల్లో నాకు ఏదైనా తగిలిందంటే అదే.

మార్చి 15, శనివారం

నిన్న కాక మొన్న సాయంత్రం ఫోన్ చేసి ఉంటే అది బతికేది. రాశాను. ఇందులో గీత గీయడానికేమీ లేదు.

మార్చి 17, సోమవారం

మేడమ్ ఫోన్ చేశారు. బఫర్ ఆమే స్వయంగా కలిపారట, కొత్తగా రక్తం తెప్పించి చేశారట. ఎనిమిదింట్లో ఏడింటికి ఏమీ లేదు. ఒక్కదానికి నిజంగానే ఉంది.

ఒంటికొమ్ముదాని పాత ట్యూబు ఫ్రీజర్‌లో ఉంది. అదీ చేశారట. చెప్పడానికి ఆమె కాస్త తటపటాయించారు. దానికి ఏమీ లేదు.

మార్చి 18, మంగళవారం

పాడి నడిపే ఆవిడకు నేనే ఫోన్ చేశాను. ఎవరూ చేయమనలేదు.

"కడుగుతానని చెప్పింది నేనేనమ్మా. కడిగే నీళ్లు సరిగ్గా కలపలేదు. తప్పు నాది."

అవతల దూరంగా పాలు పితుకుతున్న చప్పుడు, గిన్నెలో సన్నగా పడుతోంది.

"దూడకు సీసాతో పాలు పడుతున్నాను" అంది ఆవిడ. "వేరే ఆవు దగ్గరికి వదిలితే తన్నేస్తోంది. చెప్పావు, బాగానే ఉంది. చెప్పేవాడివి ఒక్కరోజు ముందు చెప్పకూడదటయ్యా?"

"చెప్పాల్సింది."

"ఊఁ" అని పెట్టేసింది.

నాకు క్షమాపణ దొరకలేదు. దొరుకుతుందని అడగలేదు కూడా. బ్యాగు సర్దుకున్నాను. రేపు ఆరింటి బస్సు.

మార్చి 19, బుధవారం

తమ్ముడి ఇంట్లో, ముందు గదిలో కూచుని రాస్తున్నాను. ఆ రోజు నేను భోజనం మధ్యలో లేచి వచ్చేసిన చోటు ఇదే. ఇప్పుడిక్కడ సైకిలు ఉంది, ఒక కుట్టుమిషను ఉంది.

పదిన్నరకు వచ్చి గంట నొక్కాను. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మరదలికి ఏం చెప్పాలి, మా ఆవిడ ఏమంటుంది. తలుపు తీసింది మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల. తమ్ముడి కూతురు. మేం మాటలు మానేశాక పుట్టింది. ఫోటోలో తప్ప నన్ను ఎన్నడూ చూడలేదు. వాడి ముక్కే, వాడి చెవులే. తలుపు రెక్క పట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి గొంతెత్తి అరిచింది.

"అమ్మా! సబ్బునీళ్ల పెదనాన్న వచ్చాడు!"

లోపల ఎవరో "ష్" అన్నారు. మా ఆవిడ గొంతు. పిల్లకు అర్థం కాలేదు. తను ఎగతాళి చేయలేదు. ఈ ఇంట్లో నా పేరు అదే. తొమ్మిదేళ్లు నేను వాడి పేరు ఎత్తలేదు. వాడు మాత్రం, పుట్టిన పిల్లకు నా గురించి చెబుతూనే వచ్చాడు.

"మీరు కలిపే నీళ్లతో బుడగలు ఊదొచ్చా?" అంది, నా బ్యాగు అందుకుంటూ. "నాన్నను అడిగాను. నాకు తెలీదే, అది మీ పెదనాన్నకే తెలుసు, ఆయనొచ్చినప్పుడు అడుగు అన్నాడు."

చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద బుడగలు రావమ్మా, అందులో వేసేది చాలా తక్కువ, ఇరవై లీటర్లకు రెండే చెంచాలు, అది కూడా తేనెలా ఉంటుంది, అడుక్కి పోయి కూచుంటుంది, బాగా కలపాలి, అన్నాను. ఎంతసేపు కలపాలి, అంది. అక్కడ ఆగిపోయాను. గుమ్మంలోనే, చెప్పులతోనే, ఆ పిల్ల ముందు కూలబడి ఏడ్చాను. మరదలు వచ్చి నిలబడింది. నన్ను చూసి ఆమె కూడా ఏడ్చింది. వాడు పోయాక అదే మొదటిసారట.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. గడియారం చూడలేదు. అరగంట అని రాయను.